మాస్టారి నాటకానికి నేను చేసిన ద్రోహం

ఒక అబద్ధాన్ని పదేళ్లకు పైగా మోస్తున్నాను. పెద్దదేం కాదు, రెండు మాటలు. దాని బరువు మాత్రం ఏడాదికేడాది పెరిగింది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ముందు మాస్టారి గురించి చెప్పాలి. ఆయన మాట ఎత్తితే ఇప్పటికీ నాకు గర్వంతో గుండె నిండుతుంది. అలా నిండే హక్కు నాకుందా అన్న ప్రశ్నా వెంటనే వస్తుంది. చోడవరంలో ఒక ప్రైవేటు బడిలో మాకు సైన్సు చెప్పేవారు. నాటకాలు రాసేవారు. మొదటి నాటకానికి ఉద్యోగం పోయింది. రెండోదానికి జైలు. జైల్లో కాగితాలివ్వకపోతే, మూడో నాటకాన్ని తోటి ఖైదీలకు తలా ఒక పాత్రగా కంఠతా పెట్టించారు. విడుదలయ్యాక ఒక్కొక్కరి ఇంటికీ వెళ్లి, వాళ్ల నోట విని రాసుకున్నారు. ఇప్పుడాయన ఢిల్లీలో మంత్రి. దేశంలో ఎక్కడ రైతులు కూడినా ఆయన పేరు వినిపిస్తుంది. పార్లమెంటులో ఆయన లేచి నిలబడితే మా ఊరి టీ కొట్లో టీవీ సౌండు పెంచుతారు.

నేను ఆయన మైకు కుర్రాణ్ణి. ఎలక్ట్రికల్ డిప్లొమా చదివే రోజుల నుంచి ఆయన నాటకాలకు సౌండు నాదే. ప్రదర్శనకు ముందు అన్నీ వరసగా చూసుకునేవాణ్ణి: హారన్లు, కేబుళ్లు, జాకులు, ఫ్యూజులు, ఆఖర్న జనరేటరు. ‘మావాడి చేతిలో మైకు ఒక్కసారి కూడా గీ పెట్టలేదు’ అని మాస్టారు అందరికీ చెప్పేవారు.

ఆ ఏడాది కె.కోటపాడు వైపు చెరకు పొలాలు ఒక కంపెనీకి ఇచ్చేస్తారని తెలిసింది. మాస్టారు జైల్లో కట్టిన నాటకాన్ని అక్కడ ఒక ఊళ్లో ఆడాం. ట్రాక్టరు తొట్టే వేదిక. జనరేటరు సింహాచలంది. యాభై దాటిన మనిషి, పెళ్లిళ్లకీ తీర్థాలకీ దాన్ని అద్దెకిచ్చుకుని బతికేవాడు.

అప్పటికి నాకు విశాఖలో ఒక పెద్ద సంస్థలో ఉద్యోగం ఖాయమైంది. పోలీసు వెరిఫికేషన్ ఒక్కటే మిగిలింది. నాటకం సగంలో ఉండగా, మఫ్టీలో ఉన్న పోలీసులా అనిపించిన ఒక మనిషి ఫోనుతో వీడియో తీయడం చూశాను. ఫోను నెమ్మదిగా నా వైపు తిరిగింది. చివరి దృశ్యంలో మాస్టారు పొలం పోయిన రైతుగా నిలబడి, ఈ పొలాలు కంపెనీకి ఇప్పిస్తున్నవాళ్ల పేర్లు ఒక్కొక్కటే పలకాలి; ఆ ఊరి కోసం కొత్తగా చేర్చిన ముక్క అది. పలికితే కేసు. కేసంటూ పెడితే అందులో మైకువాడు కూడా. అలా లెక్క వేసుకున్నాను. నన్నెవరూ బెదిరించలేదు. ఎవరూ ఆశ చూపలేదు. ఎవరైనా అడిగి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను. తప్పులో సగం వాళ్లకు పంచేవాణ్ణి కదా.

సింహాచలం నాతో చెప్పి టీకి వెళ్లాడు. నేను జనరేటరు ఇంజనుకు పెట్రోలు వెళ్లే కాక్ తిప్పి కట్టేశాను. కట్టిన వెంటనే ఇంజను ఆగదు. లోపల మిగిలింది తాగేదాకా నడుస్తుంది. అది తెలిసే ఆ పని చేశాను. ఆ కాస్త వ్యవధిలో వేదిక పక్కకు వచ్చి, అందరికీ కనబడేలా నిలబడ్డాను. చదువుకున్న చదువును అంత శ్రద్ధగా నేనింకెప్పుడూ వాడలేదు.

ఇంజను దగ్గి ఆగింది. మైకు పోయింది, దీపాలు పోయాయి. అప్పుడే పొద్దు గూకుతోంది. జనం లేచి వెళ్లిపోతారనుకున్నాను. మాస్టారు తొట్టి దిగి జనం మధ్యకు నడిచారు. ఒక పేరు చెప్పారు. ముందు వరస దాన్ని వెనక వరసకు చెప్పింది, వాళ్లు ఇంకా వెనక్కి. ఒక్కొక్క పేరూ చెరకు తోట గట్టుదాకా వెళ్లి ఆగడం విన్నాను. మర్నాడు ఆ జనమే ఆయన వెంట నడిచింది. పొలాలు నిలబడ్డాయి. ఆయన రాజకీయ జీవితం అక్కడే మొదలైంది. భయపడి ఆపినవాణ్ణే నేను, అక్కడే నిలబడి గర్వంతో ఏడ్చాను. ఆ రెండూ ఒకే మనిషిలో ఎలా ఉంటాయి? ఉన్నాయి మరి.

నాటకమయ్యాక అందరూ జనరేటరు చుట్టూ మూగారు. సింహాచలం వంగి చూసి, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

“కాక్ కట్టేసుంది మాస్టారూ. ఎవడో కట్టేసేడు.”

“ఎవడో ఏటి? దెయ్యమొచ్చి కట్టేసిందేటి?” అన్నాడు ట్రాక్టరు నడిపే కుర్రాడు. “కంపెనీవోడు నీకు టీ ఒక్కటే పోయించేడా, టిఫినీ కూడా పెట్టించేడా?”

జనం నవ్వారు. సింహాచలం నా వైపు తిరిగాడు.

“బాబూ, నువ్విక్కడే ఉన్నావు కదా. నేను టీకెళ్లడం సూసేవు. ఈలకి సెప్పు బాబూ.”

“నేను సూడలేదు.”

“బాగా గేపకం తెచ్చుకో. నీకు సెప్పే కదా ఎల్లేను.”

“సూడలేదన్నాను కదా.”

అతను నా మొహంలోకి కాసేపు చూసి, జనరేటరు లాగి స్టార్టు చేసే తాడు చుట్టుకోవడం మొదలుపెట్టాడు.

“ఒగ్గేయండ్రా,” అన్నారు మాస్టారు. “మన గొంతు మనకుంది.”

ఆయన ఒగ్గేశారు. జనం ఒగ్గలేదు. ‘కంపెనీ సింహాచలం’ అని పేరు పెట్టారు. పెళ్లిళ్లకు పిలవడం మానేశారు. అతను జనరేటరు అమ్మేశాడు. ఇప్పుడు మాడుగులలో ఒక హల్వా కొట్లో పొయ్యి దగ్గర పని చేస్తున్నాడు. ఆ పేరు అక్కడికీ వెళ్లింది.

ఆ నాటకం మీద కేసేదీ పడలేదు. నాకు ఉద్యోగం వచ్చింది.

ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్న సమాధానం ఒకటుంది: నేను ఇంజను ఆపకపోతే అన్ని గొంతులు లేచేవి కావని, మాస్టారు ఇంతటివారయ్యేవారు కాదని, కాబట్టి చెడు చెయ్యబోయి మంచే చేశానని. లెక్క చూడ్డానికి సరిగ్గానే ఉంటుంది. కానీ ఆ గొంతులు జనానివి, ధైర్యం మాస్టారిది. అందులో నాకు వాటా ఎక్కడిది? ఒకవేళ ఉన్నా, సింహాచలం పొట్ట నేను కొట్టింది దానితో ఎలా చెల్లుతుంది?

మొన్న మాస్టారు మంత్రిగా చోడవరం వచ్చారు. సభలో నన్ను పక్కన నిలబెట్టుకుని జనరేటరు కథ చెప్పారు. ఆ రోజు కంపెనీ ఎవరినో కొనేసిందట, మైకు కుర్రాడు మాత్రం కదలకుండా నిలబడ్డాడట. నా భుజం మీద ఆయన చెయ్యి ఉంది. చప్పట్లు మోగాయి. నేను నమస్కారం పెట్టాను. నిజం చెప్పనా? ఆ క్షణంలో నాకు సంతోషంగానే ఉంది. అది తెలిశాకే ఇది రాయడానికి కూర్చున్నాను.

ఇది అచ్చయితే మాస్టారు చదువుతారు. ఆయనకు అర్థమవుతుంది. ఏమంటారో ఊహించుకోను. సింహాచలాన్ని క్షమించమని అడగను. ఒకసారి అతను నన్ను ఒక మాట అడిగితే నేనివ్వలేదు. ఇప్పుడు నేనెలా అడుగుతాను? రాస్తున్నకొద్దీ ఊపిరి కాస్త ఆడుతోంది, అంతే.

మీరు మాత్రం ఒక పని చెయ్యండి. కోటపాడులో గానీ మాడుగులలో గానీ ఎవరైనా అతన్ని ‘కంపెనీ సింహాచలం’ అంటే, కాదని చెప్పండి. నీకెవరు చెప్పారని అడుగుతారు. కాక్ కట్టేసినవాడే చెప్పాడనండి.