నింద మోసిన మామిడిపండు

అరవైల మొదట్లో, మెకానికల్ డిప్లొమా రెండో ఏడు పూర్తిచేసి వేసవి సెలవులకు నూజివీడు వచ్చేసరికి, మా ఇంట్లో ఒక తీర్పు అయిపోయింది: కొత్తగా కాపురానికొచ్చిన వదినకు మామిడిపండు పడదు. మధ్యాహ్నం భోజనమైన అరగంటకు ఆమె పెదవులు ఉబ్బేవి, మెడ మీద దద్దుర్లు లేచేవి, సాయంత్రానికి తగ్గేవి. వేడి చేసిందని పండు మాన్పించారు. దద్దుర్లు మాత్రం ఆగలేదు.

"ఇల్లంతా పళ్లేగా. వాసన కూడా పడట్లేదేమో," అంది అమ్మ.

మాది మామిడి వ్యాపారం. నడవలో, వెనక గదిలో, మెట్ల కింద కూడా పళ్లు మాగేసి ఉండేవి. సీజన్ అయ్యేదాకా వదినను పుట్టింటికి పంపాలని నాన్న తేల్చారు.

"ఈ ఏడు పంపిస్తారు సరే. వచ్చే ఏడు సీజన్ రాదా ఏంటి?" అని వదిన నాతో అని, కళ్లు తుడుచుకుంది.

అసలు కారణం పట్టుకోవడానికి నాన్నను వారం గడువు అడిగాను. నోటు పుస్తకంలో నాలుగు గళ్లు గీశాను: తిన్నవి, తిన్న టైము, కనిపించిన లక్షణం, అది ఎంతసేపు ఉంది.

"నేనేమన్నా పాడైన మోటారునా, అలా రాసుకుంటున్నావు?" అనేది వదిన. అయినా ఏదీ దాచేది కాదు.

ఐదో రోజు పొద్దున పక్కింటివాళ్లిచ్చిన నువ్వుండ తింది. పది నిమిషాలకే పెదవులు ఉబ్బాయి. గొంతు బిగుస్తోందంది. అన్నయ్యా నేనూ రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరుగారు ఇంజెక్షన్ చేసి, ఆమె తేరుకున్నాక నా పుస్తకం చదివారు.

"మీ ఇంట్లో ఆవకాయ ఏ నూనెతో పెడతారు?"

"నువ్వుల నూనె అండీ," అన్నాను.

"మీ పుట్టింట్లోనమ్మా?"

"వేరుశనగ నూనె అండీ," అంది వదిన.

పుస్తకం చూస్తే, అంతకుముందు దద్దుర్లు వచ్చిన ప్రతిరోజూ ఆవకాయ ఉంది. ఆవకాయ తినని శనివారం దద్దుర్లు లేవు. మా ఇంట్లో భోజనానికి మొదట ఆవకాయన్నం, చివర మామిడిపండు. చివర తిన్నదాన్ని పట్టుకున్నాం.

"ఇది వేడి కాదు, అలర్జీ. ఈసారి ఊపిరికే అడ్డం రావచ్చు. నువ్వులు పూర్తిగా మానాలి. ఇంట్లో పరీక్షలు పెట్టకండి. మామిడిపండు సంగతి వచ్చే వారం ఇక్కడే, నా ఎదుటే తేలుద్దాం," అన్నారు డాక్టరుగారు.

వారం తర్వాత డాక్టరుగారి ఎదుట మొదట ఒక ముక్క, ఆగి మరొకటి, తర్వాత పండంతా తింది. వాచీ చూస్తూ రెండు గంటలు కూర్చున్నాను. ఏమీ రాలేదు.

"ఇంకోటి తింటావా?" అన్నాడు అన్నయ్య.

"ముందు ఈ టెంకె చీకనివ్వండి," అంది వదిన.

నాన్న మళ్లీ వదినను పుట్టింటికి పంపే ఊసెత్తలేదు. వేరుశనగ నూనెతో ఆవకాయేంటని సణుగుతూనే, అమ్మ చిన్న జాడీ కడిగి ఎండబెట్టింది. వదిన కోసం కారం కలిపి జాడీకి గుడ్డ కట్టాక, మా అందరివైపు చూసింది.

"పెద్ద జాడీలో పెట్టిన గరిటె ఇందులో పెట్టారో, ఊరుకోను."