కొమ్ములు మెలి తిరిగిన ఏడాది

పోయిన నెల గుడివాడలో పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. కుర్చీ వెనక్కి వాల్చి, నోట్లో అద్దం పెట్టి చూసి, ఆ కుర్ర డాక్టరు "ఈ పళ్ళు చూస్తే మీకు డెబ్భై కూడా ఉండవనుకుంటారండీ" అన్నాడు. నాకు ఎనభై దాటి చాలా రోజులైంది. కాదని చెబుదామంటే నోట్లో ఆయన చెయ్యి ఉంది. అందుకని ఎదురుగోడ మీదున్న మందుల కంపెనీ క్యాలెండరు చూస్తూ పడుకున్నాను. దానిమీద ఒక మగ కృష్ణజింక. వీపు ముదురు గోధుమరంగు నుంచి నలుపులోకి తిరుగుతోంది. మెడ ఇంకా పూర్తిగా నల్లబడలేదు. కొమ్ములు మూడు మెలికలు తిరిగి, పైన కొసలు సూటిగా ఉన్నాయి. నోరు ఖాళీ అవగానే, "దానికి మూడేళ్ళు నిండాయి, నాలుగు మాత్రం నిండలేదు" అన్నాను. తానిచ్చిన మత్తు తలకెక్కిందేమోనని డాక్టరు కంగారుపడ్డాడు. తోడొచ్చిన మా మనవరాలు నవ్వి, "అమ్మమ్మా, నీకు జింకల వయసు కూడా తెలుసా?" అంది. తెలుసు. ఇంటికొచ్చి, దవడ తిమ్మిరి వదిలేదాకా మాట్లాడకుండా కూర్చున్నాను గానీ, మనసు మాత్రం దివిసీమలో మా అక్క ఇంటికి వెళ్ళి కూర్చుంది.

మా నాన్నగారిది గుడివాడ. నేను బందరులో హాస్టల్లో ఉండి కాలేజీలో చదువుకుంటున్న రోజులవి. అక్క నాకంటే ఏడేళ్ళు పెద్దది. కోడూరుకి దిగువనున్న ఒక పల్లెలో వాళ్ళ కాపురం, బావగారు పక్కూళ్ళో ఎలిమెంటరీ స్కూలు మాస్టారు. పెళ్ళైన చాలా ఏళ్ళకి, ఒక సెప్టెంబరులో అక్కకి కొడుకు పుట్టాడు. డిసెంబరు మొదట్లో పిల్లాడికి జ్వరం వచ్చింది. ఎడ్లబండి మీద కోడూరు, అక్కణ్ణుంచి బస్సులో అవనిగడ్డ చేరేసరికే అక్క ఒళ్ళో వాడు చల్లబడిపోయాడు. ఆ క్రిస్మస్‌కి వాళ్ళ ఇంటి మీద నక్షత్రం కట్టలేదు. నేను వెళ్ళేసరికి అక్క మామూలుగానే వంట చేస్తోంది, వడ్డిస్తోంది, గుడికి వెళ్ళి వెనక బెంచీలో కూర్చుని వస్తోంది. ఏడవలేదు. పిల్లాడి మాట ఎత్తలేదు. ఎవరైనా ఎత్తితే లేచి దొడ్లోకి వెళ్ళిపోయేది. పాటల్లో ఆ గుడి మొత్తానికి వినిపించే గొంతు మా అక్కది. ఆ ఏడాది పెదవులు కదిలేవి, అంతే.

జనవరిలో జింకపిల్ల వచ్చింది. ఊరవతల ఉప్పు తేలిన బీడు నేలల్ని అక్కడ పర్ర అంటారు. ఆ పర్రలో కృష్ణజింకల మందలు తిరిగేవి. ముళ్ళకంపలో కాలు ఇరుక్కున్న పిల్లని గొర్రెలవాళ్ళు పట్టుకొస్తే, బావగారు దాన్ని చేతుల మీద ఎత్తుకుని ఇంటికి తెచ్చారు. మగది. వీపు తేనెరంగు, పొట్ట తెలుపు, కళ్ళ చుట్టూ తెల్లటి చుట్టు. అది ఎన్నాళ్ళ పిల్లో తేల్చడానికి ఆ సాయంత్రం మా వాళ్ళ వసారాలో ఒక సభే జరిగింది. అక్క అత్తగారు పుట్టి పది రోజులన్నారు. బావగారు రెండు నెలలన్నారు. ఎదురింటి బాబాయి గారని పిలిచే పెద్దరైతు ఒకాయన ఉండేవారు. వయసులో ఉండగా పర్రలో వేటాడిన మనిషి, తరవాత ఎందుకో మానేశారు. ఆయన వచ్చి గొంతుక్కూర్చుని, పిల్ల నుదుటి మీద బొటనవేలితో తడిమి, "ఇక్కడ వేలుపెట్టి చూడండి మాస్టారూ. కొమ్ము లేస్తంది. ఆరేడు నెలల పిల్లండీ ఇది. పాలు మరిచిపోయుంటది" అన్నారు. అక్క తలుపు దగ్గర నుంచే "కాదు బాబాయి గారూ, ఇంకా పాలపిల్లే" అంది. లోపలికి వెళ్ళి పాలసీసా తెచ్చింది. ఆ ఇంట్లో పాలసీసా ఎందుకుందో అందరికీ తెలుసు. జింకపిల్ల మొదట మొహం తిప్పుకుంది. అక్క దాని పక్కనే నేల మీద కూర్చుని, ఎంత పొద్దుపోయినా లేవలేదు. చివరికి తాగింది.

ఎండాకాలం సెలవులన్నీ నేను అక్కడే గడిపాను. సాయంత్రాలు బాబాయి గారి అరుగు మీద బావగారూ నేనూ కూర్చుంటే, ఆయన జింకల వయసు పోల్చడం చెప్పేవారు. ఏడాది లోపు మగపిల్లకి కొమ్ము మేకులా సూటిగా ఉంటుంది. రెండో ఏడు నడుస్తుండగా మొదటి మెలిక పడుతుంది. మూడో ఏట మెలికలు పెరుగుతాయి, వీపు రంగు ముదురుతుంది. ఆ తరవాతే అసలు నలుపు. ముసలిదానికి కొమ్ముల కొసలు అరిగి మొద్దుబారి ఉంటాయి, నడుం వంగుతుంది. ఎండల్లో నల్లదాని రంగు కూడా కాస్త వెలుస్తుంది కాబట్టి ఒక్క రంగునే నమ్ముకుంటే మోసపోతాం, కొమ్ము కూడా చూడాలి. "మరి ఆడవాటి సంగతో?" అని నేనడిగితే ఆయన తుండుతో మొహం తుడుచుకున్నారు. "దానికి కొమ్ము లేదు, రంగు మారదు. మొహం చూసి చెప్పాలి. మొహం చూసి ఆడదాని వయసు చెప్పే ధైర్యం నాకు లేదమ్మా" అన్నారు. బావగారికి ఈ విద్య ఎంత నచ్చిందంటే, సైకిలు మీద పక్కూరి స్కూలుకి వెళ్తూ పర్రలో మందని చూసి ఏది ఎన్నేళ్ళదో లెక్కలు కట్టేవారు. ఆదివారం గుడిలో సంఘపెద్దల నడుం వంపులు చూసి నా చెవిలో వాళ్ళ వయసులు చెప్పి, వాళ్ళమ్మ చేత చీవాట్లు తినేవారు. అక్క మాత్రం ఈ సంభాషణల్లోకి వచ్చేది కాదు. జింకకి కొమ్ములు జానెడు పెరిగినా, దొడ్లో గోంగూర మడి మొత్తం మేసేసినా, "పసిది, దానికేం తెలుసు" అనేది. కానీ దాని వెనక తిరుగుతూ అక్క మళ్ళీ మాట్లాడటం మొదలుపెట్టింది. ఒకరోజు అది బావగారి పంచె కొస నములుతుంటే గట్టిగా నవ్వింది కూడా. ఆ నవ్వు విని అత్తగారు వంటింట్లోంచి వచ్చి, గుమ్మంలో నిలబడి చూసి, కొంగుతో కళ్ళొత్తుకుని లోపలికి వెళ్ళారు. అందుకే ఆ జింకని ఇంట్లోంచి పంపమని చాలాకాలం ఎవరికీ నోరు రాలేదు.

మరుసటి క్రిస్మస్‌కి బావగారు నక్షత్రం కట్టారు. రంగుకాగితాల తోరణాలు కడితే అందినంతమేర జింక తినేసింది. పండగ మర్నాడు పాస్టరమ్మ గారు వచ్చి కాఫీ తాగుతూ, "ఎంత ఎదిగిందమ్మా! ఎన్నేళ్ళు దీనికి?" అని అక్కని అడిగారు. అప్పటికి దాని కొమ్ముకి ఒక మెలిక పూర్తయి రెండోది మొదలవుతోంది. బాబాయి గారి లెక్కన ఏడాదిన్నర. ఆ ఇంటికొచ్చింది మొదలు లెక్కేసినా, ఏడాదికి ఇంకా పది రోజులు తక్కువ. అక్క కప్పులు సర్దుతూ, చాలా మామూలుగా, "మొన్న సెప్టెంబరుకి ఏడాది నిండిందండీ" అంది. పాస్టరమ్మ గారు తలూపారు. బావగారు మాత్రం తాగుతున్న కాఫీ కింద పెట్టేశారు. ఆ ఇంట్లో సెప్టెంబరులో పుట్టింది ఒక్కడే. ఏడాదిగా అక్క ఆ జింక పక్కన కూర్చుని ఎవరి నెలలు లెక్కపెడుతోందో నాకు ఆ క్షణంలో అర్థమైంది. అత్తగారికి ముందే తెలుసనుకుంటాను. ఆవిడ ఏమీ విననట్టు బియ్యం చేటలో చెయ్యి ఆడిస్తూ కూర్చున్నారు.

ఆ తరవాతి వానాకాలానికి జింక మారిపోయింది. వీపు మీద తేనెరంగు పోయి మట్టిరంగు వచ్చింది. మెడ బలిసింది. కంటి కింద ఉండే చిన్న గాడి తెరుచుకుని ఎప్పుడూ తడిగా ఉండేది. ఆ తడిని దొడ్లో కంచె పుల్లలకి రాసుకుంటూ తిరిగేది. అక్క కంగారుపడి, "ఏవండీ, ఏడుస్తోందండీ ఇది" అంది. బావగారు ఆమె భుజం మీద చెయ్యి వేశారు. "కన్నీళ్ళు కావు. అది తన హద్దులు గుర్తుపెట్టుకుంటోంది. ఈడొచ్చింది దానికి" అన్నారు. అక్క ఆ చెయ్యి తీసేసింది. "రెండేళ్ళ పిల్లకి ఈడేంటి?" అంది. కొంగు తడిపి దాని కంటి కింద తుడిచింది. మర్నాటికి మళ్ళీ తడే.

దసరా సెలవులకి నేను వెళ్ళినప్పుడు ఆ ఘోరం జరిగింది. పొద్దున్న బావగారు సెలవుల్లో స్కూలు ఓసారి చూసి రావడానికి తాళాలు తీసుకుని, దొడ్లో సైకిలు చైను ఊడితే వంగి సరిచేస్తున్నారు. జింక కంచె దగ్గర తల వంచి నిలబడి ఉంది. అది మేస్తోందనుకున్నాను. అంత దూరం నుంచి ఒక్క ఉరుకున వచ్చి ఆయన తొడలో కొమ్ము దించింది. కేక కంటే ముందు సైకిలు పడిన చప్పుడు వినిపించింది. మళ్ళీ పొడవడానికి అది వెనక్కి తగ్గుతుంటే, అక్క పరుగెత్తుకొచ్చి దాని రెండు కొమ్ములూ పట్టుకుంది. జింక ఆమెని అమాంతం కంచెదాకా ఈడ్చుకుపోయింది. బాబాయి గారి పాలేళ్ళు వచ్చి దాన్ని పలుపుతో కట్టేశారు. బావగారిని తువ్వాలు చుట్టి బండెక్కించాం. అవనిగడ్డలో కట్టు కట్టి, పులిగడ్డ మీదుగా బందరు పెద్దాసుపత్రికి పంపారు. బస్సులో అక్క ఆయన తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అవనిగడ్డ దాకా ఆ దారి ఆమె అంతకుముందు ఒకసారి అలాగే వెళ్ళింది.

ఆయన బతికారు. కొమ్ము పెద్ద రక్తనాళానికి తగలడం వెంట్రుకవాసిలో తప్పిందని డాక్టరు గారు చెప్పారు. ఇంటికొచ్చేసరికి ఊరంతా ఒకటే మాట, దాన్ని కాల్చేయమని. అత్తగారు ఎన్నడూ కోడల్ని పల్లెత్తు మాట అనని మనిషి. ఆరోజు వంటింట్లో అక్క చెయ్యి పట్టుకుని, "నీ కొడుకు పోయాడమ్మా. నా కొడుకుని ఉండనీ" అన్నారు. రెండేళ్ళలో ఆ మాట ఆ ఇంట్లో పైకి అన్నది ఆవిడొక్కరే. అక్క గోడకి జారగిలబడి కూర్చుంది. అప్పుడు ఏడ్చింది. ఆ ఏడుపు విని ఎదురింటి వాళ్ళు కూడా వచ్చారు. అత్తగారు ఆమెని పొదువుకుని కూర్చున్నారు గానీ, ఊరుకోమని మాత్రం అనలేదు.

సాయంత్రం అక్క మొహం కడుక్కుని, బాబాయి గారిని పిలిపించింది. ఆయన తుపాకీ తీసుకురాలేదు. ఉత్త చేతులతో వచ్చారు.

"బాబాయి గారూ, సరిగ్గా చూసి చెప్పండి. దానికెంత వయసు?"

ఆయన కట్టుకొయ్య దగ్గరికి వెళ్ళి, చాలాసేపు చూశారు. కొమ్ములు, వీపు, కంటి కింద తడి. "రెండేళ్ళు నిండి నాలుగైదు నెలలైంది తల్లీ. ఇక మందలో ఉండాల్సిన వయసు. దాని తప్పేం లేదు."

"పర్రలో వదిలితే బతుకుద్దా?"

"పెద్ద నల్లవి దగ్గరకి రానీవు. ఈ ఈడు కుర్రవన్నీ విడిగా ఒక మందై తిరుగుతాయి. వాటిలో కలిస్తే బతుకుద్ది. కలవకపోతే ఏం చెప్పలేనమ్మా. ఇక్కడుంటే మాత్రం ఎవరో ఒకరు చంపుతారు."

అక్క బావగారి వైపు చూసింది. ఆయన మంచం మీద నుంచి, "నువ్వెలా అంటే అలా" అన్నారు. "వదిలేద్దాం" అంది అక్క.

కొమ్ములకి గోనెపట్టా చుట్టి, కాళ్ళకి మెత్తటి పాత చీర కట్టి, బాబాయి గారి బండిలో తీసుకెళ్ళాం. బావగారు కదల్లేరు కాబట్టి నేను వెళ్ళాను. వానలకి పర్ర మీద పచ్చిక లేచింది. దూరంగా సముద్రం మోత, ఉప్పుగాలి. కుర్ర మగజింకల మంద ఒకటి, పది పదిహేను ఉంటాయేమో, తలలెత్తి మమ్మల్నే చూస్తోంది. కట్లు విప్పాక మాది లేచి నిలబడి ఒళ్ళు దులుపుకుంది. బండి చుట్టూ తిరిగి, అక్క దగ్గరికి వచ్చి చెయ్యి వాసన చూసింది. అక్క చెయ్యి వెనక్కి తీసుకుని, "పో" అంది. బాబాయి గారు తుండు విసిరి అదిలించారు. అది కొంచెం దూరం పరుగెత్తి ఆగింది. మందలోంచి ఒకటి ఎదురొచ్చింది. రెండూ కొమ్ములు తాకించి నెట్టుకున్నాయి. మాది వెనక్కి తగ్గి, పక్కగా నిలబడి మేతకి తల వంచింది. కాసేపటికి మంద కదిలితే, వాటితోపాటే కదిలింది. అన్నిటి రంగూ ఒకటే, అన్నిటి కొమ్ములూ ఒకే తీరు.

"ఏదే మనది?" అంది అక్క. నేను పోల్చలేకపోయాను. బాబాయి గారు ఒకదాన్ని వేలుపెట్టి చూపించారు. అక్క ఆ వైపే చూస్తూ, "పక్కవాటికీ దాని వయసే ఉంటుందా బాబాయి గారూ?" అని అడిగింది. ఆయన అవునన్నారు. వచ్చేటప్పుడు బండిలో తనంతట తానే పిల్లాడి ముచ్చట్లు మొదలుపెట్టింది. పాలు తాగుతూ కాలి వేళ్ళు ఎలా ఆడించేవాడో, ఎవరి పోలికో, ఏ పాటకి నిద్రపోయేవాడో. ఊరొచ్చేదాకా ఆపలేదు. ఎడ్లు తోలుతున్న బాబాయి గారు ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ తరవాత అక్కకి ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. గుడిలో మళ్ళీ ముందు బెంచీలో నిలబడి పాడింది. బావగారికి కాస్త కుంటు మిగిలిపోయింది. దాంతోనే ఏళ్ళ తరబడి సైకిలు తొక్కారు. జింకని వదిలిన ఆరేళ్ళకి ఒకరోజు స్కూలు నుంచి వస్తూనే, పర్రలో ఒక నల్లటి మగదాన్ని దగ్గరగా చూశానని, దాని వెంట ఆడవాటి మంద ఉందని చెప్పారు. "మనదేనంటారా?" అని అడిగింది అక్క, చిన్నదానికి జడ వేస్తూ. "ఏమో. వయసు మాత్రం సరిపోయింది" అన్నారాయన. అక్క చేతులు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ జడ అల్లాయి.

ఇప్పుడు వాళ్ళెవరూ లేరు. ఆ పర్రలో చాలా మేర రొయ్యల చెరువులయ్యాయి. కాలం అందరి ఇళ్ళ ముందు నుంచీ ఒకే నడకన పోతుందని చిన్నప్పుడు అనుకునేదాన్ని. కాదు. కొన్ని ఇళ్ళలో అది వచ్చి ఆగిపోతుంది. ఆ ఇంటివాళ్ళే లేచి సాగనంపేదాకా అక్కణ్ణుంచి కదలదు.