చిక్కం కొలతకు చేసిన కప్పు

కరోనాకు ముందటి ఉగాది. కంబదూరు దగ్గరి ఒక ఊళ్లో జరిగే బండలాగుడు పోటీకి మొదటి బహుమతి కప్పు చేసే పని నాకు అప్పగించారు. సంగతిలోకి పోకముందే ఒక మాట. నేను ఉన్నదానికి కాస్త గాలి కొట్టి చెప్పే మనిషిని. పిడికెడు ఇత్తడిని సాగగొట్టి మూరెడు ఎత్తున నిలబెట్టే పని చేసినవాడికి ఆ బుద్ధి రాక ఏ బుద్ధి వస్తుంది? కాబట్టి నా మాటల్లో సగం తీసేసి చదువుకోండి.

అనంతపురంలోని మా అంగట్లో మాస్టరును నేనే, హెల్పరును నేనే, పని చెడితే తిట్టే ఓనరునూ నేనే. ఇత్తడి రేకును గుండ్రంగా కత్తిరించి, నిప్పుల్లో కాల్చి మెత్తబరచి, దాగలి అనే ఇనప దిమ్మె మీద కొయ్యసుత్తితో కొడుతూ గిన్నెలా లోతు తీయాలి. ఇరుపక్కలా చెవులు టంకంతో అతికించి, కింద టేకు పీట బిగించాలి. గెలిచినవారి పేరు చెక్కడం మాత్రం పోటీ ముగిశాకే. నా సుత్తి దెబ్బల అదురుకు క్లాక్ టవరు గడియారం ముందుకు నడిచేదని ఊళ్లో చెప్పుకునేవారు. చెప్పుకునేవారంటే, నేనే చెప్పేవాణ్ణి.

కమిటీ వాళ్లతో పాటు ఓబులేసు అనే రైతు వచ్చాడు. ఆ చుట్టుపక్కల అతని ఎద్దుల జతకు ఎదురు లేదు. అందులో పెద్దదాని పేరు పుల్లోడు. మిట్టమధ్యాహ్నం వాడి మూపురం నీడలో ఇద్దరు కూలీలు కాళ్లు చాపుకుని సద్ది తినేవారు. ఓబులేసు సంచిలోంచి ఒక చిక్కం తీసి నా ముందు పెట్టాడు. ఎద్దు పైరు మేయకుండా మూతికి కట్టే తాళ్ల బుట్ట అది.

"ఏమప్పా మాస్టరూ, లాగేది వాడు, కప్పు నాకిస్తారు. నేను దాన్ని గూట్లో పెట్టుకోని చూస్తాండాల్నా? ఈతూరి వాని మూతి పట్టేట్టు చెయ్యి. ఉలవలు ఉడకేసి దాంట్లోనే పెడతా."

ఓడిపోతే ఏం చేస్తావని అడిగాను.

"వాడు ఓడేది యాడన్నా చూసినావా?"

కమిటీ వాళ్లు నవ్వి, సరే అట్లాగే చెయ్యమన్నారు. వాళ్లు బయటికి నడిచాక ఓబులేసు అసలు మాట చెప్పాడు. వానల్లేవు, బోరు ఎండింది, గడ్డి దొరకడం లేదు. జతను కర్ణాటక రైతుకు ఇచ్చేశాడు. పోటీ కాగానే లారీ వస్తుంది. "పోయేలోపల ఒక్కపూట దాంట్లో తినిపోనీలే అన్నా" అన్నాడు.

కప్పును ఆ చిక్కం కొలతకే చేశాను. పెదవికి గీసుకోకుండా అంచును బయటికి మడిచాను. తిండి పెట్టే ఇత్తడికి చిలుము పట్టకుండా వేసే తగరపు పూత, అంటే కళాయి, లోపలంతా వేశాను. ఆటల కప్పుకు కళాయి వేసిన మనిషి భూమండలంలో నేనొక్కణ్ణే. ఇందులో సగం తీసేయకండి.

పోటీలో ఎద్దులకు పళ్లు చూసి విభాగాలు పెడతారు. పాలపళ్లన్నీ ఊడి కొత్తవి వచ్చినవి సీనియర్లు. ఒక్కో జత వంతు వచ్చినప్పుడు, ఇచ్చిన సమయంలో బండను ఎంత దూరం లాగిందో కొలుస్తారు. ఆ రోజు లేచిన దుమ్ముకు కణేకల్ అవతల కర్ణాటక వాళ్లు తుమ్మారు. పుల్లోడి జత బాగానే లాగింది. చివరి మలుపులో వాడు ముంగాళ్ల మీద కూలాడు. లేచేలోపల ఈల పడింది. తనకల్లు నుంచి వచ్చిన జత కంటే మనిషి నిలువంత దూరం తక్కువ.

కప్పు సంగతి కమిటీ వాళ్లు మైకులో చెప్పేశారు కాబట్టి, తనకల్లు రైతు అందులో ఉలవలు పోసి తన ఎద్దు ముందు పెట్టాడు. దాని మూతి వెడల్పు, పట్టలేదు. జనం నవ్వారు. అతను ఓబులేసు వైపు తిరిగాడు.

"అన్నా, ఇది మీవాని కొలత మాదిరుండాది. పిల్చుకోని రా."

పుల్లోడు వచ్చి మూతి దించాడు. అతికినట్టు సరిపోయింది. ఓబులేసు కప్పు రెండు చెవులూ పట్టుకుని, వాడు అడుగు దాకా నాకేదాకా కదలకుండా నిలబడ్డాడు.

ఆ పని నాకు నేర్పింది ఒకటే. పేరు చెక్కడానికి పోటీ ముగిసేదాకా ఆగేవాడు కొలత తీయడానికీ ఆగాలి. ఇప్పుడు ఆ పాఠంతో అవసరం లేదు. బెంగళూరు నుంచి ఫైబర్ కప్పులు డజన్ల లెక్కన దిగుతున్నాయి, అన్నిటికీ ఒకటే మూతి. నిరుడు నాకు నేనే రిటైర్మెంటు ఇచ్చుకున్నాను. అయినా పొద్దున్నే అంగడి తెరిచి, చల్లారిన కొలిమి ముందు కూర్చుంటాను. దాగలి మీద ఊరికే ఒక దెబ్బ వేసి వింటాను. చిక్కం మేకుకు అలాగే ఉంది. ఓబులేసు దానికోసం రాలేదు.

ఇక కల్పించిందేదో చెప్పాలి. గడియారం, మూపురం నీడ, కర్ణాటక తుమ్ములు, వాటి జోలికి రాకండి. కప్పులో ఉలవలు పోసి తినిపించిన ముచ్చట ఒక్కటే నేను అల్లింది. బహుమతులు ఇచ్చేలోపలే లారీ వచ్చి జతను ఎక్కించుకుపోయింది. తనకల్లు రైతు కప్పును తీసుకుపోయి గూట్లో పెట్టుకున్నాడు. కరోనా అయిపోయాక మెరుగు పెట్టమని తెచ్చాడు. ఎద్దు నాలుక ఆకురాయిలా ఉంటుంది, ఒక్కపూట నాకినా కళాయి మీద గీతలు పడతాయి. లోపల చెయ్యి పెట్టి అడుగు దాకా తడిమి చూశాను. ఒక్క గీత లేదు.