రెండు మిల్లీమీటర్ల తేడా

లద్దాఖ్‌ల మా వర్క్‌షాప్‌కు చేరేసరికి పొద్దున పదకొండు. ఎండ కొడుతున్నది, సలి మాత్రం మైనస్ తొమ్మిది. రేకుల షెడ్డు. ఒక లేతు మిషను, ఒక డ్రిల్లు మిషను, రెండు వెల్డింగ్ సెట్లు. నేను కోరుట్లల ఐటీఐ ఫిట్టర్ చేసి ఫౌజ్‌ల చేరినోన్ని. అంత ఎత్తుల పలుచటి గాలికి అలవాటు పడేదాక ఆరు దినాలు ఏ పనీ ముట్టొద్దన్నరు. ఏడో దినం హవల్దార్ సాబ్ ఆర్డరిచ్చిండు.

"అంబులెన్సులల్ల స్ట్రెచర్ కదలకుండ పట్టే బ్రాకెట్లు. నలభై. పన్నెండు దినాలు."

ఒక్కోదానికి నాలుగు బెజ్జాలు. అవి సరిగ్గ పడితేనే స్ట్రెచర్ కొండి బ్రాకెట్ల పడుతది. గీత గీసి, పంచ్ కొట్టి చేస్తే దినానికి రెండే అయితయి. అందుకే జిగ్గు చేసిన. జిగ్గంటే మందపాటి ఇనుప పలక, అండ్ల నాలుగు గట్టి ఉక్కు గొట్టాలు. బ్రాకెట్‌ను దాని మూలకు ఆనిచ్చి బిగించాలె, గొట్టాలల్లకెల్లి డ్రిల్లు దించాలె. కొలిచే పని లేదు. ఎవ్వలు చేసినా బెజ్జం అదే జాగల పడాలె.

మొదటి పది కొలిచిన. సరిగ్గనే ఉన్నయి. చేతులు మొద్దుబారినయి, పానం అలిసిపోయింది. కొలుసుడు బంద్ చేసిన. ఎనిమిది దినాలల్ల పని ఒడిసింది, బ్రాకెట్లు అంబులెన్సులల్ల బిగించిన్రు.

వారం తర్వాత పై పోస్టుల ఒక జవానుకు ఊపిరితిత్తులల్ల నీరు చేరింది. మధ్యాహ్నం సాబ్ పిలిచి రేడియో నా చేతికిచ్చిండు. అవతల అంబులెన్సుల ఉన్న నర్సింగ్ అసిస్టెంటు. మనదిక్కోడే, ముస్తాబాద్.

"అన్నా, కాళ్ల దిక్కు కొండి పడుతలేదే."

"గట్టిగ నూకు."

"నూకిన. కొంచెమే అందుతలేదు. తీయ్, నేనే పట్టుకుంట."

నాలుగు గంటల గుంతల తొవ్వ. స్ట్రెచర్ను చేత్తోని పట్టుకునే అచ్చిండు. జవాను బతికిండు.

ఆ బ్రాకెట్ విప్పి కొలిచిన. రెండు మిల్లీమీటర్లు తేడా. డ్రిల్లు కొట్టంగ రాలిన ఇనుప రజను జిగ్గు మూలల ఇరికి, బ్రాకెట్ పూరాగ ఆనలేదు. తప్పు నాది. సాబ్ తిట్టలేదు. "మల్ల చెయ్యి" అన్నడు. తిట్టినా బాగుండు.

రజను రాలిపోయేటట్టు మూల కోసిన. బ్రాకెట్ పూరాగ ఆనితేనే బిగించే పిన్ను దూరేటట్టు చేసిన. నలభై విప్పించి చూస్తే ఏడు తప్పు. ఏడూ కొత్తయి చేసిన. ప్రతిదీ కొలిచిన.

అక్కడి డ్యూటీ అయిపోయినంక అదే అంబులెన్సుల కిందికి దిగిన. స్ట్రెచర్ మీద కాలు ఇరిగిన డ్రైవరు. రెండు కొండ్లు టక్కున పడ్డయి. అయినా ఆ ముస్తాబాద్ నర్సింగ్ అసిస్టెంటు స్ట్రెచర్ మీదకెల్లి చెయ్యి తియ్యలే.

"కొండి పడ్డది గదనే," అన్న.

"పడ్డదే," అన్నడు. చెయ్యి గట్లనే ఉంచిండు.

గిప్పుడు ఫౌజ్ ఇడిసి అచ్చి సిరిసిల్లల మరమగ్గాల సామాను చేసే షాపుల జిగ్గులు చేస్తున్న. దోస్తులు మంచు గురించి, తుపాకుల గురించి అడుగుతరు. ఏదో ఒకటి చెప్త. నా కండ్లల్లకెల్లి పోనిది మాత్రం ఆ చెయ్యి. బొటనేలు కాడ చినిగిన ఊలు గ్లోవు. బండి గుంతల పడ్డప్పుడల్ల ఆ ఏళ్లు బిగిసేటియి.