లలితకు నేనిచ్చిన మాత్రలు

పదిహేనేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. జాలి చూపకండి, అది నాకు పనికిరాదు.

లలిత నా ఆడబిడ్డ. చిన్నప్పుడు కీళ్లజ్వరం వచ్చి గుండెలో ఒక కవాటం చెడిపోయింది. నిర్మల్‌లో మా ఇంటి అరుగు మీద చేట ఒడిలో పెట్టుకుని బీడీలు చుట్టేది. ఆ వేళ్ల వేగం వాడకట్టులో ఎవరికీ లేదు. కానీ రెండు బిందెల నీళ్లు తెస్తే చాలు, ఆయాసంతో గోడకు ఆనుకునేది.

నాకు థైరాయిడ్ తక్కువ. రెండో కాన్పు తర్వాత మంచం దిగలేని నీరసం పట్టుకుంటే, హైదరాబాదులో డాక్టరు రాసిన మాత్రలతో మళ్లీ మనిషినయ్యాను. లలితదీ ఆ నీరసమే అనుకున్నాను. నన్ను లేపిన మందు ఆమెను లేపదా? రోజూ పొద్దున నాతోపాటు ఆమెకూ ఒకటి, తర్వాత రెండు ఇచ్చాను. ఎవరికీ చెప్పలేదు. మొదట్లో హుషారుగానే ఉంది. రెండో నెలకల్లా చిక్కిపోయింది, చేతులు వణికాయి, గుండె లయ తప్పి కొట్టుకోసాగింది.

ఆమెను చూసే ఊరి డాక్టరు మా అత్త ముందే అడిగాడు.

"నేనిచ్చినయి గాక ఇంకేమన్న మందులు మింగుతున్నదా?"

అత్త నా వైపు చూసింది. నిజం చెబితే ఆ సాయంత్రమే నన్ను పుట్టింటికి పంపి, పిల్లలను ఉంచుకునేది. నా భర్త తల్లి మాట దాటే మనిషి కాదు.

"ఏం లేవు సారు. మీరిచ్చినయే."

మంచం మీది నుంచి లలిత నన్నే చూసింది. తనూ నోరు విప్పలేదు.

కవాటం ఇంకా చెడిందనుకుని డాక్టరు పాత మందులే పెంచాడు. నేను ఆమెకు మాత్రలు ఆపేశాను. ఆపితే చాలనుకున్నాను. పదిరోజులకు గుండెలో రక్తం గడ్డకట్టి మెదడుకు చేరింది. లలిత కుడిచేయి పడిపోయింది.

తర్వాత నా డాక్టరును, ఎవరి గురించో అన్నట్టు అడిగాను. అక్కరలేనివాళ్లకు ఈ మాత్ర ఇస్తే గుండె పరుగెత్తుతుందట, చెడిన కవాటం ఆ పరుగును తట్టుకోలేదట. మాత్ర సంగతి తెలిసి ఉంటే వైద్యమే వేరుగా ఉండేదట.

తెలియక చేశావు అంటారేమో. అనకండి. ఇచ్చినప్పుడు తెలియదు, నిజమే. ఇష్టంతో ఇచ్చాను, దానికి తలవంచను. కానీ అడిగినప్పుడు తెలుసు. మాత్ర ఎక్కువైతే దడ వస్తుందని నా డాక్టరు మొదటిరోజే చెప్పాడు, అది ఆ గదిలో గుర్తుకొచ్చింది కూడా, అయినా నేను నా పిల్లలనే ఎంచుకున్నాను. మళ్లీ అక్కడ నిలబెడితే ఏం చెబుతాను? మంచి జవాబు కావాలా మీకు? నా దగ్గర లేదు.

"ఇగ ఇడ్సిపెట్టు వదినా, నేను గూడ చెప్పలే గదా" అన్నది లలిత పోయినేడు, ఎడమచేత్తో అన్నం కలుపుకుంటూ. ఆమె ఊరుకున్నది నా కోసం. నేను ఊరుకున్నదీ నా కోసమే.

అత్త పోయింది. పిల్లలు పెద్దవాళ్లయ్యారు. ఇప్పుడు వెళ్లగొట్టేవాళ్లు లేరు కనుక ధైర్యం వచ్చిందంటారా, అనండి. మాత్రలు ఇచ్చింది నేను. అబద్ధం చెప్పింది నేను. రాశాక ఊపిరి కొంచెం ఆడింది. రాసినదేదీ కొట్టివేయను.