కోటయ్యన్న కట్టని వాల్వు

మోటారు మెకానిక్ కోటయ్యన్న ఇక లేడన్న వార్త ప్రత్తిపాడు గ్రంథాలయంలో కూర్చుని ఉండగా నా చెవిన పడింది. తెరిచిన పత్రిక తెరిచినట్టే ఉండిపోయింది. ఏళ్ళ తరబడి ఆయన వెంట పత్తిచేలూ మిరపచేలూ తిరిగి పని నేర్చుకున్నవాణ్ణి. అయినా నాకు మొదట కలిగింది ఉక్రోషం. “ఇలా తప్పించుకుపోతావా అన్నా!” అనుకున్నాను. కన్నీళ్ళు ఆ తర్వాతే వచ్చాయి.

ఆయన కొడుకు రాజు తండ్రి జ్ఞాపకార్థం ఈ నాలుగు మాటలూ నన్నే రాయమన్నాడు. “మీరైతే బాగా రాస్తారు బాబాయ్, పుస్తకాలు చదివినోళ్ళు,” అన్నాడు. జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

నీళ్ళు ఎత్తని మోటారు దగ్గర అందరూ మోటారును తిడతారు. కోటయ్యన్న ముందు గొట్టానికి చెవి ఆనించేవాడు. “గాలి పట్టిందిరా. తిట్టి ఏం లాభం, ముందు దాని గొంతు తడపండి,” అని బిందెడు నీళ్ళు పోయించేవాడు. గ్రంథాలయంలో చదువుకున్న వాయుపీడనం గురించి నేను చెప్పబోతే, “ఆగరా పంతులూ! నీళ్ళు రానీ, పాఠం తర్వాత చెబుదువు,” అని రైతుల ముందే ఆటపట్టించేవాడు. తిరిగొచ్చే దారిలో మాత్రం మోపెడ్ ఆపి, “ఇందాక ఏదో పీడనం అన్నావే, అదేందో చెప్పు,” అని శ్రద్ధగా వినేవాడు.

ఒకసారి దర్శి దగ్గర ఆయన చెయ్యి పంపులో ఉండగానే, పని అయిపోయిందనుకుని ఎవరో స్విచ్చి వేశారు. చూపుడువేలి కొస పోయింది. అప్పటినుంచి ఆయన ఒక నియమం పెట్టాడు. విప్పినా, బిగించినా, కట్టినా, చేసినవాడు పైకి చెప్పాలి. పక్కవాడు ఆ మాట తిరిగి అనాలి. ఆ తర్వాతే మూత పడాలి. “మనసులో అనుకుంటే నాకెట్టా తెలిసిద్దిరా? నోరు తెరిచి చెప్పు!” అని గద్దించేవాడు. ఆయన మాట వినపడ్డాక నేనెప్పుడూ వెళ్ళి సరిచూసుకోలేదు.

మంగళగిరి అవతల కృష్ణ ఒడ్డున కొత్తగా వెలిసిన ఒక రిసార్టువాళ్ళు విదేశాల నుంచి పాత పడవ ఒకటి తెప్పించారు. దాని వెనక తాడు పట్టుకుని, కాళ్ళకు పలక బిగించుకున్న మనిషి అల మీద ఎగురుతాడు. అల ఎత్తుగా లేవాలంటే పడవ బరువెక్కాలి. అందుకని అడుగునున్న తొట్లలోకి పంపులతో నదినీళ్ళు నింపుతారు, ఆట ముగిశాక తోడేస్తారు. ఎడమ తొట్టి నిండటం లేదని మమ్మల్ని పిలిచారు. పంపు తిరుగుతోంది గాని నీళ్ళు రావటం లేదు. “మన మిరపచేలో రోగమేరా ఇది,” అని నవ్వాడు కోటయ్యన్న. పంపుకు గాలి పట్టింది. దానికి తోడు కరెంటుతో తెరుచుకునే వాల్వులో గుర్రపుడెక్క వేళ్ళు ఇరుక్కున్నాయి.

నిఘంటువు పక్కన పెట్టుకుని ఆ పడవ ఇంగ్లీషు పుస్తకం చదివాను. తనంతట తానే నీళ్ళు లాగే రబ్బరు రెక్కల పంపు వేద్దామన్నాను. కరెంటు వాల్వు తీసేసి, చేత్తో తిప్పే ఇత్తడి వాల్వూ ముందొక జల్లెడా పెడదామన్నాడాయన. రెండూ చేశాం. తొట్టి నిండింది, ఖాళీ అయింది. “నీ చదువూ నా చెయ్యీ కలిస్తే కృష్ణనే తోడెయ్యొచ్చురా పంతులూ!” అని నా వీపు చరిచాడు. అంతటి బిరుదు నాకు మళ్ళీ దొరకలేదు.

అయితే ఒక జాగ్రత్త ఉంది. గొట్టం నోరు నీటిమట్టానికి దిగువన ఉంటుంది. వాల్వు కట్టకపోతే, పంపు ఆపినా నది నెమ్మదిగా లోపలికి వస్తుంది. ఆ సాయంత్రం నేను గట్టు మీద పనిముట్లు సర్దుతున్నాను. పడవలో వంగి ఉన్న ఆయన “కట్టేశా!” అన్నాడు. “కట్టేశావు!” అన్నాను. మూత పెట్టి వచ్చేశాం.

తెల్లవారేసరికి పడవ ఎడమకు ఒరిగిపోయింది. తొట్టి నిండి, దాని పైఅతుకులోంచి నీళ్ళు కారి, ఇంజను మునిగింది. మూత తీస్తే వాల్వు బార్లా తెరిచి ఉంది.

“ఎవడయ్యా దీన్ని కట్టనిది?” అని యజమాని అరిచాడు.

కోటయ్యన్న నావైపు చూడలేదు. “ఆ వాల్వు సంగతి మావాడు చూశాడండీ. పుస్తకంలో చదివి చేశాడు,” అన్నాడు.

“కట్టమని పుస్తకంలో రాయలేదేమో!” అన్నాడు అక్కడి పనివాడొకడు. అందరూ నవ్వారు. ఆ నవ్వులో ఆయనా కలిశాడు.

మరపు ఎవరికైనా సహజం. దాన్ని అప్పుడే క్షమించాను. ఆ నవ్వును ఈనాటికీ క్షమించలేకపోయాను. గురువును పదిమందిలో అబద్ధికుణ్ణి చెయ్యటానికి నాకు నోరు రాలేదు. బండెక్కాక తానే ఏదో ఒకటి అంటాడనుకున్నాను. దారి పొడుగునా ఆయన మిరప పంట గురించి మాట్లాడాడు.

ఆ మాట ఊరంతా పాకింది. “వద్దు నాయనా, పుస్తకం చూసి నా బోరు కూడా ముంచుతావు,” అని రైతులు నన్ను తిప్పి పంపారు. చివరికి పురుగుమందుల కొట్లో గుమాస్తాగా చేరాను. కోటయ్యన్న మాత్రం ఏమీ జరగనట్టే మా ఇంటికి వచ్చేవాడు. పండక్కి మా పిల్లలకు బట్టలు తెచ్చేవాడు. వాళ్ళకు ఆయనంటే ప్రాణం.

మంచం పట్టాడని తెలిసి వెళ్ళాను. వదిన లోపలికి వెళ్ళాక, “అన్నా, ఆ వాల్వు ఎవరు కట్టాలి?” అని అడిగాను.

“ఇప్పుడెందుకురా ఆ గోల?”

“నాకు కావాలన్నా. రాజు ముందు ఒక్కసారి చెప్పు, చాలు.”

“రేపు రారా, చెప్తా,” అన్నాడు.

మర్నాడు వెళ్ళేసరికి రాజుతో పాటు బంధువులంతా ఉన్నారు. కోటయ్యన్న నా చెయ్యి పట్టుకుని, “నా దగ్గర పని నేర్చినోళ్ళలో ఈడంత చురుకైనోడు లేడు,” అని వాళ్ళందరికీ చెప్పాడు. నన్ను పొగిడాడు గాని ఆ మాట చెప్పలేదు. ఆ వారంలోనే కన్నుమూశాడు.

అంత్యక్రియల్లో అందరూ ఆయన నిజాయితీనే తలుచుకున్నారు. నేను తలవంచుకుని పాడె మోశాను. ఆ చేతికీ, ఆ చెవికీ, నాకు పెట్టిన విద్యకూ నమస్కరిస్తున్నాను. ఎవరు పోయినా తీరని లోటని రాస్తారు. నా విషయంలో అది అక్షరాలా నిజం. ఆ వాల్వు కట్టనిది నేను కాదని చెప్పగలిగిన మనిషి ఈ లోకంలో ఆయన ఒక్కడే.