ముప్పై తొమ్మిది గోనెలు

బీరువా పక్కన గోడకు ఆనించిన ఆ పొడుగు సంచీ జిప్పు తీస్తే ముందు ఎండిన గడ్డి వాసన, దాని వెనక చెమట పట్టి ఆరిన తోలు వాసన వస్తాయి. కోరుట్లలో మా ఇంటికి అది వచ్చి పదకొండు నెలలు. లోపల పద్నాలుగు గోల్ఫు కర్రలు, తొమ్మిది తెల్ల బంతులు, ఒక్క ఎడమచేతి గ్లోవు. కుడిచేతిది పోలేదు, ఆ ఆటలో ఒక చేతికే తొడుక్కుంటారట. అవన్నీ నా మనుమరాలు మౌనికవి. ఆరేళ్లు ఆ ఆటే దాని ఉద్యోగం. ప్రతి శనివారం సంచీ దులిపి, కర్రలు లెక్కపెట్టి, మళ్లీ జిప్పు వేస్తాను. ఆ గడ్డి వాసన ప్రతిసారీ నన్ను ఒకే చోటికి లాక్కుపోతుంది: మక్కలు కోసిన మా ఊరి చేనుకు.

మా ఊరు కోరుట్లకు మూడు మైళ్లు. మా నాన్నను బాపు అనేవాళ్లం, కల్లు గీయడానికి తాళ్లెక్కేవాడు. సద్దుల బతుకమ్మకు చేసిన మలీద ముద్దలు అయిపోయి, దసరా వెళ్లిపోయి, ఇళ్ల ముందు మక్క కంకులు ఆరబోసే రోజులు వస్తే ఖాళీ అయిన చేను పిల్లల సొత్తయ్యేది. పొద్దున మంచుకు తడిసి పుల్లటి వాసన కొట్టే మక్క మోళ్లు పగటికల్లా ఎండి అరికాళ్లలో గుచ్చుకునేవి. చలి ముదిరితే బాపు తాటిగింజలు పాతిన చోట గేగులు తవ్వి కాల్చి ఇచ్చేవాడు, మూతి నల్లగా చేసుకుని నారలు ఉమ్ముకుంటూ అక్కడే తినేవాళ్లం. ఎవరి అవ్వ పిలిచినా వినిపించనట్టు పొద్దుగూకేదాకా చిర్రగోనె ఆడేవాళ్లం. జానెడు కట్టెముక్క చిర్ర, మూరన్నర కర్ర గోనె. గోనెతో చిర్ర కొసను కొట్టి గాలిలోకి లేపి, కింద పడకముందే మళ్లీ కొట్టాలి. ఎంత దూరం పోయిందో కొట్టినవాళ్లే కంటితో చూసి ఇన్ని గోనెలని అడగాలి. తర్వాత గోనె పరుస్తూ కొలుస్తారు. అడిగినన్ని ఉంటే గెలిచినట్టు, ఒక్కటి తగ్గినా ఓడినట్టు.

మా అక్క నర్సవ్వలాగా కొట్టినవాళ్లను నేను చూడలేదు. దానికి పదమూడేళ్లు, నాకు పది. లంగా బొడ్లో దోపి, ఒక కాలు వెనక్కి వేసి, భుజం కదలకుండా మణికట్టు ఒక్కటే తిప్పేది. అది మగపిల్లలకు మింగుడుపడేది కాదు. కార్తీక పున్నమి వెళ్లిన తెల్లారి మా మేనబావ మల్లేశం చేను నడుమ నిలబడి అడిగాడు.

"ఆడివిల్లకు గోనె ఎందుకే? పొయ్యిల వెట్టుకొనికా?"

"గెలిచి నువ్వే నీ పొయ్యిల వెట్టుకో బావ," అంది అక్క.

"సరె. ఓడితె మల్ల గోనె ముట్టద్దు."

"ముట్ట. గెలిస్తె ఈ చేన్ల నన్నెవ్వలు ఆపద్దు."

అక్క కొట్టింది. చిర్ర మల్లేశం తల మీదుగా పోయి చేను అవతల గట్టు దగ్గర పడింది. "నలభై అడుగుతున్న," అంది. కొలిచేదెవరని రెండు జట్లూ కాసేపు కొట్లాడుకున్నాయి. చివరికి మల్లేశమే అన్నాడు: "దాని చెల్లెనే కొలవనియ్యిండ్రి. గది అబద్ధమాడది."

ఆ మాటకు నా ఛాతీ ఉబ్బింది. వంగి గోనె పరుచుకుంటూ పోయాను. ముప్పై తొమ్మిది పడ్డాయి. నలభయ్యోది పరిస్తే గోనె కొస చిర్రను నాలుగు వేళ్లు దాటింది. వెనక్కి చూశాను. మగపిల్లలు ఓడిపోయామనుకుని అప్పుడే అంగీలు దులుపుకుంటున్నారు. కాలి బొటనవేలితో చిర్రను అంత జరిపితే చాలు.

"ముప్పై తొమ్మిది!" అని అరిచాను.

అక్క నడిచి వచ్చింది. చిర్రను చూసింది, నన్ను చూసింది. గోనె నా చేతుల్లోనే వదిలేసింది. "నీ లెక్కను నువ్వే వండుకోని తిను," అంది. మళ్లీ చేనుకు రాలేదు. వైశాఖంలో, పున్నమికి మూడు రోజుల ముందు, సిరిసిల్లకు ఇచ్చి పెళ్లి చేశారు. ఆ మణికట్టు అక్కడ నలభై రెండేళ్లు బీడీలు చుట్టింది. నేను మాత్రం ఆ కథను నా పిల్లలకు, వాళ్ల పిల్లలకు గొప్పగా చెప్పుకున్నాను, సొంత అక్కకైనా తప్పు లెక్క చెప్పలేదని.

అందరికంటే బాగా విన్నది మౌనిక. నా కొడుకు గల్ఫులో గోల్ఫు మైదానంలో గడ్డి కోసే మిషను నడిపేవాడు. ఎవరో పారేసిన కర్ర ఒకటి సెలవుకు వస్తూ తెచ్చాడు. తొమ్మిదేళ్ల పిల్ల ఆ కర్రతో అదే చేనులో బంతి కొడితే మా అక్క మణికట్టే కనిపించింది. తర్వాత హైదరాబాదులో హాస్టలు, అక్కడే ఆట నేర్చుకోవడం, ఇరవయ్యో ఏట పెద్దవాళ్ల పోటీల్లోకి. ఆరేళ్లలో ఒకసారి మూడో స్థానం, ఐదుసార్లు మొదటి పదిలో. పోయినేడు ఆట తగ్గింది. మరుసటేడు ఆడే హక్కు నిలవాలంటే ఆఖరి పోటీ గట్టెక్కాలి. తక్కువ దెబ్బల్లో ముగించాల్సిన ఆటలో ఒక్క దెబ్బ ఎక్కువై ఆ హక్కు పోయింది. సంచీ మోసుకుని ఇంటికి వచ్చిన రోజు చెప్పింది: పొడుగు గడ్డిలో కర్ర ఆనించగానే బంతి గోరంత కదిలిందట. అలా కదిలితే ఒక దెబ్బ కలుపుకోవాలట.

"ఎవ్వలన్న సూసిండ్రా బిడ్డా?"

"ఎవ్వలు సూడలే బాపమ్మా."

"మరి ఎందుకు చెప్పినవే?"

"నువ్వే గద ముప్పై తొమ్మిది అన్నవ్."

సిరిసిల్లకు ఫోను చేసి అక్కకు చెప్పాను. మొత్తం వింది. తర్వాత అంది: "నీ లెక్క ఇంట్ల ఇద్దర్ని మింగింది గదనే."

ఇప్పుడు ఆ చేనులో ఫంక్షన్ హాలు ఉంది. అక్క చిర్ర పడిన గట్టు మీద కార్లు నిలుపుతారు. మా వాడలో చిర్రగోనె ఆడే పిల్ల ఒక్కతీ లేదు. గేగులు తవ్వేవాళ్లూ లేరు. మౌనిక పొద్దున్నే బస్సెక్కి జగిత్యాల పోతుంది, అక్కడ ఒక బడిలో ఆటల టీచరు. పోయిన శనివారం నేను కర్రలు లెక్కపెడుతుంటే గుమ్మంలో నిలబడి అడిగింది.

"బాపమ్మా, గా రోజు నలభై అంటె ఏమైతుండె?"

ఎట్లయినా వైశాఖంలో అక్క పెళ్లి ఆగేది కాదు. ఆ లెక్క నేను ఎప్పుడో వేసి పెట్టుకున్నాను, ఎవరికీ చెప్పలేదు.

"అక్క ఇంక ఆర్నెల్లు ఆడుతుండె," అన్నాను. "నాలుగు రోజులు తక్కువ."